మనిద్దరం ఒకే సినిమా చూశామా?

చిరంజీవి కొలబద్దకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, బాల్కనీలో నువ్వు వదిలేసి వెళ్ళిన మొక్కలూ కులాసా. మొక్కల్లో ఒకటి మాత్రం కాస్త వాడింది. దాని పేరు అడగొద్దు, నాకు తెలియదు. అక్కడ నువ్వూ, నీ గదిలో కారే ఆ కుళాయీ క్షేమమని తలుస్తాను.

ముప్ఫయ్యేళ్ళొచ్చిన ఇంజనీరుని పట్టుకుని ఇంకా కొలబద్ద అంటావేమిటి నాన్నా అని కిందటి ఉత్తరంలో కోప్పడ్డావు. అయిదేళ్ళ వయసులో నా ప్రెస్సు స్కేలు ఎత్తుకెళ్ళి ఇంట్లో గుమ్మాలూ, మంచం కోళ్ళూ, నిద్రపోతున్న మీ అమ్మ ముక్కూ కొలిచినదానివి. నువ్వు రిటైరైనా నాకు కొలబద్దవే.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. వారం తిరక్కుండా జవాబు రాసే మనిషికి ఏమొచ్చిందోనని కంగారుపడి అమ్మకి రెండుసార్లు ఫోను చేశావట. నాకేమీ కాలేదు. చాలా అయింది కూడా. రెండూ నిజమే. వరసగా చెబుతాను, ముందు నీ ప్రశ్నలకి జవాబులు.

అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. కళ్ళజోళ్ళ షాపులో ఓనరమ్మ ఎత్తు స్టూలు వేయించింది. ఇప్పుడు మీ అమ్మ కూర్చుని జనం ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తోంది. నొప్పి సగం తగ్గింది. మిగతా సగం నేనేదైనా పని చెప్పినప్పుడే వస్తుంది.

ప్రెస్సులో కొత్త మిషను వచ్చిందా అన్నావు. వచ్చింది. నాలుగు రంగులూ ఒక్క దెబ్బకి వేస్తుంది. పాతదాన్ని మూలకి నెట్టారు. రోజూ పొద్దున వెళ్ళి దాన్ని ఒకసారి తట్టి వస్తాను. లేకపోతే ఏదో తప్పు చేసినట్టుంటుంది.

ఇక మూడో ప్రశ్న. అది నువ్వు ఎర్ర ఇంకుతో కింద గీత గీసి మరీ అడిగావు. "నాన్నా, రేవులో క్రేను నడిపేవాడి సినిమా నువ్వు చెప్పావని పనిగట్టుకుని వెళ్ళి చూశాను. ఇరవయ్యేళ్ళ తర్వాత కలుసుకున్న అన్నదమ్ముల కథ అని రాశావు. అన్నదమ్ములెక్కడున్నారు? ఆ ముసలాయన క్రేను డ్రైవరు తండ్రిని జైలుకి పంపిన జడ్జి కదా! మనిద్దరం ఒకే సినిమా చూశామా?"

ఒకే సినిమా తల్లీ. నువ్వు చూశావు, విన్నావు. నేను చూశాను, అంతే.

మీ నాన్నకి చెవులు వినపడవు. అంటే ఈ మధ్య దాకా వినపడేవి కావు. ఇప్పుడు వినపడుతున్నాయి! ఈ ఉత్తరం రాస్తుంటే కాగితం మీద పెన్ను చేసే చప్పుడు వినపడుతోంది. పెన్నుకి చప్పుడుంటుందని నీకు తెలుసా? తెలిసే ఉంటుంది. నేనే మరిచిపోయాను.

ముప్ఫై రెండేళ్ళు ఆ మిషన్ల మధ్య నిలబడితే చెవులు మాత్రం ఏం చేస్తాయి? ఏడేళ్ళ కిందట పలచబడ్డాయి. మూడేళ్ళ నుంచి దాదాపు లేవనే చెప్పాలి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి గ్రహించేవాణ్ణి. ప్రెస్సులో ఎలాగూ అందరూ అరుచుకుంటారు, చేతులతో సైగలు చేసుకుంటారు కాబట్టి అక్కడ ఎవరికీ తెలియలేదు. ఇంట్లో మీ అమ్మ వంటగదిలోంచి ఏదైనా అంటే నేను పలకకపోవడం పెళ్ళయిన కొత్త నుంచీ ఉన్నదే. కాబట్టి ఆవిడకీ అనుమానం రాలేదు. "చెవినిల్లు కట్టుకుని పోరినా ఈయన వినడు" అనేది. అది సామెత కాదనీ, ఉన్న సంగతేననీ ఆవిడకి తెలియదు.

సినిమాలో మాత్రం భలే నెట్టుకొచ్చాను. హాలు మొత్తం నవ్వాక నేనూ నవ్వేవాణ్ణి, అరక్షణం ఆలస్యంగా. పక్కవాళ్ళు ముక్కు చీదితే నేనూ జేబురుమాలు తీసేవాణ్ణి. కథ నేనే అల్లుకునేవాణ్ణి. సరిచూసుకుందామంటే మీ అమ్మ సంగతి నీకు తెలుసుగా, లైటు ఆరితే నిద్ర, ఇంటర్వెల్లో పాప్‌కార్న్, మళ్ళీ నిద్ర. ఇంటికొచ్చాక ఆవిడే నన్ను కథ అడిగేది! నేను చెప్పేవాణ్ణి. ఆవిడ షాపులో అందరికీ చెప్పేది. ఈ ఊళ్ళో ఎంతమంది నా కథలు నమ్మారో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. పోయినేడు నీకు చెప్పిన ఆ లాయరమ్మ సినిమాలో హత్య ఎవరు చేశారో నాకింతవరకూ తెలియదు.

పరభాషా సినిమాలంటే నాకెందుకంత ఇష్టమని ఓసారి అడిగావు. కింద మాటలు రాసి చూపిస్తారు కాబట్టి! ఒక్క ముక్క పోకుండా అర్థమయ్యేవి అవే. దానికి ప్రెస్సులో నాకు 'మేధావి' అని పేరు పెట్టారు. బైండింగ్ సెక్షనులో ఆడవాళ్ళయితే నేను నడిచి వెళ్తుంటే "మేధావిగారొస్తున్నారు, మామూలు సినిమాల గురించి మాట్లాడకండే" అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారట. ఈ సంగతి కూడా ఇప్పుడే తెలిసింది, మొన్న నా చెవిన పడింది కాబట్టి.

మీ అమ్మ నన్ను చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఏడేళ్ళు దాచినవాణ్ణి ఇప్పుడే ఎందుకు బయటపడ్డానో తర్వాత చెబుతాను. ముందు సినిమాల సంగతి చెప్పనీ. సినిమాల గురించి మాట్లాడుతుంటే కాస్త ధైర్యం వస్తుంది నాకు.

డాక్టరమ్మ చిన్నది, నీకన్నా ఓ రెండేళ్ళు చిన్నదేమో. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడ్డప్పుడల్లా బటను నొక్కమంది. నేను ఆవిడ మొహం చూస్తూ, ఆవిడ కనుబొమ్మ కదిలినప్పుడల్లా నొక్కాను. నాలుగు నిమిషాలకి పట్టేసింది. "బాబాయిగారూ, అటు తిరిగి కూర్చోండి" అంది. అటు తిరిగాక ఒక్కసారీ నొక్కలేదు. బయటికొచ్చి మీ అమ్మతో, "ఈయన ఇన్నాళ్ళూ మీతో ఎలా కాపురం చేశారండీ?" అని అడిగింది. "నాకు కళ్ళ డిపార్టుమెంటే తెలుసమ్మా, చెవులు నావి కావు" అంది మీ అమ్మ. అని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కళ్ళు కూడా.

రెండు చెవుల వెనకా చిక్కుడు గింజంత మిషన్లు పెట్టారు. పెట్టి, ఆన్ చేసి, డాక్టరమ్మ ఏమీ మాట్లాడకుండా కాగితం ముక్క ఒకటి నలిపింది. ముప్ఫై రెండేళ్ళుగా కాగితం మధ్యే బతికినవాణ్ణి. ఆ చప్పుడుకి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అది పద్ధెనిమిది రోజుల కిందటి మాట. ఈ పద్ధెనిమిది రోజుల్లో ఆరు సినిమాలు చూశాను. టిక్కెట్టు కిటికీ దగ్గర కూర్చునే ఆయన నన్ను చూడగానే "మళ్ళీనా?" అంటున్నాడు. అననీ. వచ్చే వారం నీకు సెలవులన్నావు, ఏం చూడమంటావన్నావు. రాసుకో. ఈసారి నా మాట నమ్మొచ్చు.

మొట్టమొదట తేనెటీగలావిడ సినిమా చూడు. యాభై ఏళ్ళావిడ, కొండ అంచున పండ్ల తోటలో ఈగల పెట్టెలు పెంచుకుంటూ ఉంటుంది. ఒక్కో పెట్టే చచ్చిపోతూంటుంది, ఎందుకో తెలియదు. మిగిలిన పెట్టెలు పాత లారీలో వేసుకుని కొండ దాటించడానికి బయల్దేరుతుంది. అదే కథ. సినిమా మొదలైన అయిదు నిమిషాలకి నా చెవుల్లో ఒకటే జుమ్మని మోత. అయిపోయింది, మిషను పాడైంది అనుకున్నాను. తీసి, దులిపి, ఊది, మళ్ళీ పెట్టుకున్నాను. అదే మోత. మీ అమ్మని లేపాను. "చెడిపోయిందే, జుమ్మంటోంది" అన్నాను. ఆవిడ తెర వైపు వేలు చూపించి, "అవి ఈగలండీ" అని మళ్ళీ నిద్రపోయింది. నేను మాత్రం ఆ తర్వాత కదల్లేదు. ఆ మోత ఒక్కో పెట్టెకీ ఒక్కోలా ఉంటుంది తల్లీ! బతికున్న పెట్టె ఒకలా, జబ్బుపడ్డది ఒకలా. ఆవిడ పెట్టెకి చెవి ఆనించి వింటుంది. ఆవిడతో పాటు నేనూ వింటున్నాను. చివర్లో ఒక పెట్టె దగ్గర ఆవిడ చెవి పెట్టినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దం కూడా నాకు వినపడింది. ఏం వినిపించిందో చెప్పను, నువ్వే చూసుకో. లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొడుకు వేషం వేసినవాడికి ఏడవడం రాదు, ఉల్లిపాయ కోసినట్టుంది. లారీ ప్రయాణం ఓ పావుగంట తగ్గించొచ్చు. అయినా వెళ్ళు. మంచి స్పీకర్లున్న హాలుకే వెళ్ళు, గదిలో చిన్న తెర మీద చూస్తే నా మీద ఒట్టే.

రెండోది బ్యాండు మేళం సినిమా. పోటీ వారంలో ఉందనగా క్లారినెట్ వాయించేవాడికి ముందు పళ్ళు రెండు ఊడిపోతాయి. ఆ విషయం తోటివాళ్ళకి చెప్పకుండా వారం రోజులు నోరు మూసుకుని తిరుగుతాడు. పకపకా నవ్వాల్సిన సినిమా. నేనయితే మొదటి అరగంట నవ్వలేకపోయాను. ఎందుకో నీకిప్పుడు తెలుసుగా. దాచేవాడి తిప్పలు దాచినవాడికే తెలుస్తాయి. కానీ రిహార్సల్లో అతను ఊదితే క్లారినెట్లోంచి బాతు అరిచినట్టు ఒక చప్పుడొస్తుంది చూడు, అక్కడ హాలు మొత్తం ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నేనూ! వాళ్ళతో పాటే! అరక్షణం ఆలస్యం లేదు. నవ్వుతూ నవ్వుతూ అది గమనించాను. గమనించాక ఇంకా నవ్వొచ్చింది. ముందు సీటులో పెద్దావిడ వెనక్కి తిరిగి "మరీ అంత లేదు లెండి" అంది. ఉంది. నువ్వు చూసి చెప్పు.

మూడోది చూడొద్దు. దాని పోస్టరు మా ప్రెస్సులోనే వేశాం, ఎర్ర ఇంకు డబ్బాలకి డబ్బాలు పట్టింది. హీరో ఒక్కడే రైలాపుతాడు, విమానం ఆపుతాడు, వానలో అగ్గి పెడతాడు. పది నిమిషాలకి నా తల దిమ్మెక్కిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, నా దగ్గర బటనుంది కదా అని. రెండు చెవులూ ఆపేశాను. ఆహా! వినపడకపోతే అదో చక్కటి సినిమా. నలుగురు మనుషులు ఎగిరెగిరి నాట్యం చేస్తున్నట్టుంది. హాల్లో అంత హాయిగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి వెళ్ళకు.

ఇకపోతే మన క్రేను డ్రైవరు. మళ్ళీ చూశాను, ఈసారి చెవులతో. నువ్వే రైటు. అన్నదమ్ములు కారు. పప్పులో కాలేశాను, అదీ మోకాలి దాకా. ముసలాయన జడ్జే. రేవు గట్టు మీద ఆయన క్షమించమని అడుగుతున్నాడని రాశాను. ఆయన అడగనే లేదు, అప్పటి తీర్పు సరైనదేనని వాదిస్తున్నాడు! సరే, ఒప్పుకున్నాను. కానీ ఒకటి చెబుతాను విను. "చివరికి ఇద్దరి మధ్యా ఏమీ మారలేదు, శత్రువులుగానే విడిపోయారు" అని నువ్వు రాశావు. అక్కడ నేనొప్పుకోను. క్రేను డ్రైవరు నిచ్చెనెక్కి పైకి వెళ్ళేటప్పుడు గాలి వీస్తుంది. జడ్జి నోటితో ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. చేతులేం చేస్తున్నాయి? రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని ఉన్నాయి. డ్రైవరు పైకి చేరేదాకా వదల్లేదు. నువ్వు మాటలు విన్నావు తల్లీ, చేతులు చూడలేదు. మూడేళ్ళు చేతులూ మొహాలూ మాత్రమే చూసినవాణ్ణి, ఆ విషయంలో నా మాటకి కాస్త విలువివ్వు. వీలైతే ఇంకోసారి చూసి రాయి. దెబ్బలాడుకుందాం.

ఇంట్లో చప్పుళ్ళ గురించి చెప్పాలంటే ఇంకో ఉత్తరమవుతుంది. ఫ్రిజ్జు మూలుగుతుంది. నా కుర్చీ కిర్రుమంటుంది. మీ అమ్మ అంట్లు తోముతూ పాడుతుంది, నీకు తెలుసా? ఎప్పటి నుంచని అడిగితే "ఎప్పుడూ పాడుతూనే ఉన్నానుగా" అంది. హాల్లో గురక కూడా పెడుతుంది. అది మాత్రం ఒప్పుకోవడం లేదు. మిషనుదే తప్పంటోంది.

అయ్యో, నాలుగు పేజీలు నిండాయి. ఇంక తప్పించుకోవడానికి సినిమాలు మిగల్లేదు.

నీ ఉత్తరంలో చివరి పేజీ సంగతి మాట్లాడాలి. నువ్వు నాలుగు వాక్యాల్లో తేల్చేశావు గానీ నేనా పేజీ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "నేను వదిలి వచ్చిన ఆ సొరంగం మూసేశారు నాన్నా. నేను సంతకం పెట్టలేదని నా తర్వాత వచ్చినాయన కూడా జంకి పనాపించి, మళ్ళీ పరీక్ష చేయించాడట. అలా పనాగి ఉండగానే, గట్టిగా ఉందని రాసి సంతకం పెట్టమని నన్ను నిలదీసిన చోటే పైకప్పు కూలింది. లోపల ఒక్కరూ లేరు. ఆ రోజు నీకు ఫోను చేసింది ధైర్యం చెప్పించుకోవడానికి కాదు. 'పోనీలే అమ్మా, అందరూ పెడుతున్నారుగా, పెట్టెయ్' అని నీ చేత అనిపించుకోవడానికి. పెట్టనన్నా సాయంత్రం దాకా గడువిచ్చారు. నువ్వు ఆ మాటంటే పెట్టేసేదాన్నే. నువ్వు 'మంచి పని చేశావు' అన్నావు, గట్టిగా, తడుముకోకుండా. ఈ కొత్త ఉద్యోగం దొరికేదాకా, ఏ పనీ లేని అయిదు నెలలూ ఆ మాట పట్టుకునే నిలబడ్డాను."

అన్నం తినే బల్ల దగ్గర కూర్చుని చదివాను. చదివి, ఎదురుగా ఉన్న మీ అమ్మని అడిగాను.

"ఈ సంతకం గొడవ ఏమిటి?"

"ఏమిటంటారేమిటి? ముందు మీకేగా చెప్పింది."

"నాకా?"

"మీకే. నాన్నకి చెప్పాను, మంచి పని చేశావన్నాడు అంది. అందుకే నేనూ ఇంకేం తవ్వి అడగలేదు. ఉద్యోగం పోయి పిల్ల అక్కడ ఒక్కతీ అవస్థ పడుతుంటే మీరు ఆ ఊసే ఎత్తకుండా ఎంత నిబ్బరంగా ఉన్నారో అనుకున్నాను."

నిబ్బరమా, పాడా! నాకసలు తెలియనే తెలియదు.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. అమ్మ షాపుకి వెళ్ళింది. బల్ల మీద ఫోను వణికింది. చూస్తే నీ పేరు. మామూలుగా అమ్మ లేనప్పుడు ఎత్తను. సినిమాల కబుర్లు ఫోనులో రుచించవు, ఉత్తరాలు రాసుకుందాం అని నీకు నియమం పెట్టింది కూడా అందుకే. కాగితం మీద ప్రేమ కాదది, చెవుల భయం. వీడియో కాల్ వస్తే మీ అమ్మని ముందు కూర్చోబెట్టి, వెనక నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపేవాణ్ణి, గుర్తుందా? కానీ ఆ రోజు ఆపకుండా మూడుసార్లు వణికింది. ఏమయిందోనని ఎత్తాను. ఎక్కడో దూరాన నీళ్ళు పారుతున్నట్టు చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. "నాన్నా" అన్న మాట ఒక్కటే తెలిసింది, అది కూడా అలవాటు మీద. నువ్వు చాలాసేపు మాట్లాడావు. ఫోను కోసం నా దగ్గర మూడు మాటలుండేవి. "ఆహా", "మంచి పని చేశావు", "ఆరోగ్యం జాగ్రత్త". నీ గొంతు ఆగినప్పుడల్లా ఒకటి వేశాను. ఏదో ప్రమోషను కబురు అనుకున్నాను. ఆ సాయంత్రం అమ్మకి "కొలబద్ద ఫోను చేసింది, హుషారుగానే ఉంది" అని కూడా చెప్పాను.

అది తల్లీ, నువ్వు అయిదు నెలలు పట్టుకుని నిలబడ్డ మాట.

అమ్మకి అప్పుడే అంతా చెప్పేశాను, చెవులతో సహా. ఆవిడ ఏమంటుందోనని పెదాల వంక చూస్తూ కూర్చున్నాను. చివరికి, "రేపు షాపుకి సెలవు పెడతాను. డాక్టరు దగ్గరికి పోదాం" అంది. ఇదీ నేను బయటపడ్డ కథ.

నీకు రాయాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. రాయకపోతే ఎవరికి నష్టం? జీవితంలో ఒక్కసారి హీరో వేషం దొరికింది, అదీ కూతురి దగ్గర. నోరు మూసుకుంటే చచ్చేదాకా నాదే. మీ అమ్మ కూడా "ఇప్పుడెందుకండీ, దానికి అదో బలం" అంది. నేనూ సరేననుకున్నాను.

కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ రోజు నాకు వినపడి ఉంటే ఏమనేవాణ్ణి? నీ దగ్గర అబద్ధమెందుకు? "పెట్టెయ్" అనేవాణ్ణి. నేనెవరిని? తోటివాళ్ళు నలుగురూ ఎటు పోతే అటు పోయినవాణ్ణి. చెవులు పోయాయని తెలిస్తే మిషను మీంచి దింపేస్తారేమోనని ఏడేళ్ళు కిక్కురుమనకుండా ఉన్నవాణ్ణి. నీ ఉద్యోగం పోతుందంటే నా గుండె జారిపోయేది. "పెద్దవాళ్ళతో మనకెందుకమ్మా" అనేవాణ్ణి. నువ్వు నా మాట వినేదానివి. ఆ తర్వాత ఏమయ్యేదో తలుచుకోలేకపోతున్నాను. ఆ సొరంగంలో రోజుకి ఎంతమంది దిగేవారో నువ్వే ఓసారి రాశావు.

అందుకే నీకు తెలియాలి. ఇంకోసారి అలాంటి కాగితమేదో నీ ముందుకి వస్తుంది, నీ పని అలాంటిది. అప్పుడు మళ్ళీ నాకే ఫోను చేస్తావు. ఈసారి నాకు వినపడుతుంది. విని, భయపడి, ఏదో ఒకటి అంటాను. నాన్న ఎంత ధైర్యస్తుడో అనుకుని దాన్ని పట్టుకోకు. ఆ రోజు ఆ కాగితాన్ని వెనక్కి నెట్టింది నువ్వొక్కదానివే. ఫోనులో అవతల ఎవరూ లేరు. ఉద్యోగం లేకుండా అయిదు నెలలు ఎవరి ఆసరా మీద నిలబడ్డావని ఎవరైనా అడిగితే, నీ కాళ్ళ మీదే అని చెప్పు. అక్షరాలా అదే నిజం.

నువ్వు కోప్పడొచ్చు. నవ్వొచ్చు. రెండూ చేసినా సరే. నేనయితే ఈ ఉత్తరం మొదలుపెట్టకముందు ఒక పని చేశాను. సోమవారం పొద్దున ఫోర్‌మన్ గదికి వెళ్ళి, తలుపు మూసి, చెవుల వెనక నుంచి మిషన్లు రెండూ తీసి బల్ల మీద పెట్టాను. "సార్, నాకు ఏడేళ్ళుగా వినపడదు. చెప్పకుండా దాచాను. ఇప్పుడు చెబుతున్నాను" అన్నాను. అని, ఆయన ఏమంటాడో వినడానికి మళ్ళీ తగిలించుకోవాల్సి వచ్చింది.

ఆయన లేచి వచ్చి, కుడి చెవి నా వైపు పెట్టి నిలబడి, "ఏం చెప్పారో మళ్ళీ చెప్పండి మేధావిగారూ. నాకు ఎడమ చెవి పోయి నాలుగేళ్ళయింది" అన్నాడు.

ఇద్దరం నవ్విన నవ్వుకి బైండింగ్ వాళ్ళు తలుపు తీసి చూశారు. నిన్న డాక్టరమ్మ తన పెట్టె పట్టుకుని ప్రెస్సుకే వచ్చి తొమ్మిదిమందిని పరీక్ష చేసింది. అందులో ఆరుగురు అటు తిరిగి కూర్చుంటే బటను నొక్కలేదు. ఇవాళ్టి నుంచి మిషను దగ్గర నిలబడే ప్రతివాడూ చెవులకి చప్పుడాపే డిప్పలు పెట్టుకోవాలని బోర్డు రాసి తగిలించారు. ఆ బోర్డు అచ్చు వేసింది నేనే. పెద్దక్షరాలు, నల్ల ఇంకు. నన్ను మిషను మీంచి దింపలేదు. దింపి ఉన్నా చెప్పేవాణ్ణే అనుకుంటున్నాను. ఇలా అనుకోవడం నాకు కొత్త.

ఆదివారం పొద్దున పదింటికి ఫోను చెయ్యి. వీడియో వద్దు, ఉత్తి ఫోనే. ఆ సొరంగం సంగతి మొదటి నుంచీ చెప్పు. ఎవరు నిలదీశారు, ఏ గదిలో, నువ్వేమన్నావు, బయటికొచ్చి ఎక్కడ కూర్చున్నావు, నాకు ఫోను చేసేముందు ఎంతసేపు ఏడ్చావు, అన్నీ. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడను. అంతా విన్నాక ఏమంటానో నాకూ తెలియదు. ఏమన్నా సరే, అది విని అన్న మాటవుతుంది.

ఇట్లు,
ఆదివారం తొమ్మిదిన్నర నుంచే ఫోను ముందు కూర్చుని ఉండబోయే
మీ నాన్న